తుపాకి గుండునకు కుదురు



తుపాకి గురి తప్పినప్పుడు లోకులు మొదట కాల్చినవాని కంటిని గాని చేతిని గాని నిందింతురు. కన్ను చెదరలేదు, చేయి వణకలేదు అని తేలినచో తుపాకిని నిందింతురు. ఈ రెండింటికిని నడుమ మూడవ కారణ మొకటి కలదు. దానిని గమనించువారు తక్కువ. నిప్పు తగులుటకు ముందు గుండు గొట్టములో ఎచ్చట కూర్చుండి యున్నది? మందునకు ఎంత దగ్గర, ఎంత దూరము? నిటారుగా నున్నదా, ప్రక్కకు వాలినదా? గురి కుదురుటయు తప్పుటయు చాలవరకు దీనిపై నాధారపడి యుండును. గురి యొక్కటియే గాదు, ఒక్కొక్కప్పుడు కాల్చువాని కన్నులును, వ్రేళ్లును, ప్రాణమును గూడ దీనిపైననే నిలిచి యుండును. నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

దీనికి మన భాషలో చక్కని మాట యున్నది. నీళ్లకుండ దొరలిపోకుండుటకు దాని క్రింద గడ్డితోనో, గుడ్డతోనో చుట్టి పెట్టునది కుదురు. కుదురు లేని కుండ నిండుగా నున్నను, వట్టిదైనను పొరలక మానదు. మాట కుదిరినది, సంబంధము కుదిరినది, కుదురైన మనిషి అని మన మనునపుడు ఆ కుండక్రింది చుట్టయే మన మనస్సులో మెదలుచుండును. గుండు కూర్చుండు చోటును, లోతును కలిపి నేను “గుండు కుదురు” అని పిలుచుచున్నాను.

వ్యాకరణమును, ఛందస్సును చెప్పుకొని బ్రతికిన బడిపంతులునకు తుపాకుల గొడవ ఏల యని మీ రడుగవచ్చును. మా కర్నూలు కడప సీమలలో తుపాకి పరాయి వస్తువు గాదు. ఆ పేరు తురకదేశపు మాటనుండి పుట్టి మన యింటి మాటయై చాల కాలమైనది. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1652 లో గండికోటకు వచ్చినపుడు, అచ్చట మీర్ జుమ్లా ఒక ఫ్రెంచివానిచే ఫిరంగులు పోతపోయింప బూనిన సంగతిని తన యాత్రాగ్రంథమున వ్రాసికొన్నాడు. 1800 లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి ధారపోసిన పిమ్మట, కలెక్టరుగా వచ్చిన మన్రో దొర సుమారు 80 మంది పాలెగాండ్రను అణచవలసి వచ్చెను. 1839 లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను తన కోటలోను, తోటలలోను ఫిరంగులను, గుండ్లను, మందును దాచినట్లు బయటపడి, ఆ నేరము క్రిందనే రాజ్యమును కోల్పోయెను. నేటి నంద్యాల జిల్లాలోని కోవెలకుంట్లలో 1846 లో ఖజానాపై దండెత్తిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22 న అచ్చటనే ఉరితీసిరి. ఆ కాలమున కట్టుబడి బంట్రోతుల చేతులలో నుండినవి గొట్టపు మూతినుండి మందును, గుండును దట్టించు తుపాకులే. ఆ దొరతనములు పోయినవి. ఆ దట్టింపు తుపాకి మాత్రము లైసెన్సు పొంది శనగచేలలో అడవిపందులను బెదరించుటకు రైతు గుడిసెలో మిగిలినది. కావున దీని మర్మము తెలిసికొనుట మాకు వినోదము గాదు, అవసరము.

తుపాకికంటె ముందు వింటిని చూడుడు. నల్లమలలోని చెంచువాడు బాణము నెక్కుపెట్టునప్పుడు దాని తోకగాడిని నారిపై ఒకే చోట పెట్టును. వ్రేలెడు పైకి పెట్టినచో బాణ మొక తీరున పోవును, క్రిందికి పెట్టినచో మరియొక తీరున పోవును. విల్లు అదే, బాణ మదే, చేయి అదే. బయలుదేరు చోటు మారినది గనుక చేరు చోటు మారినది. తుపాకిలోని విషయమును మూలమున నింతే. భేద మేమనగా, నారిపై బాణమును కంటితో చూడవచ్చును. గొట్టములోని గుండు కంటికి కనబడదు. కనబడని దానిని కొలతచే తెలిసికొనవలెను.

ఇక దట్టింపు తుపాకి సంగతి. గొట్టపు మూతినుండి కొలతమందు పోయుదురు. దానిపై గుడ్డపేలికనో, పీచునో పెట్టి గుండును వదలి, ఇనుపకడ్డీతో అడుగు ముట్టువరకు దట్టింతురు. పూర్వము జామగి యను నిప్పుత్రాటితోను, తరువాత రాతిదెబ్బతోను, ఆ పిమ్మట టోపితోను నిప్పంటించిరి. ఈ పనులన్నిటిలో ప్రాణము వంటిది ఒక్కటియే: గుండు మందును తాకి కూర్చుండవలెను. నడుమ బోలు ఉండరాదు.

ఆ బోలు ఎట్లేర్పడును? ఇచ్చట మా సీమ ఎండ కథలోనికి వచ్చును. సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన నల్లమందు మండినపుడు అంతయు పొగయై పోదు. తూకమున సగమునకు మించిన భాగము ఘనముగానే మిగులును. అందు కొంత పొగతో వెలికి పోగా తక్కినది మసియై గొట్టమునకు అంటుకొనును. తేమగాలి వీచు కోస్తాలో ఈ మసి చెమ్మను పీల్చి మెత్తబడును. కర్నూలు ఎండలలో, గాలి పొడియై యుండు వైశాఖమాసమున, అదియే గచ్చువలె గట్టిపడును. మొదటి గుండు నూనెరాచినట్లు దిగును. రెండవదానికి కొంచెము బలము కావలెను. నాలుగైదు దెబ్బలైన పిమ్మట గుండు నడిగొట్టములో పట్టుకొని నిలిచిపోవును. దట్టించువానికి కడ్డీ ఆగినది గనుక అడుగు తగిలినదనియే తోచును. గుండునకును మందునకును నడుమ జానెడు బోలు మిగిలినదని వానికి తెలియదు.

బోలు మిగిలిన నేమి? మందు విచ్చుకొనుటకు చోటు దొరకినది గదా, ఒత్తిడి తగ్గవలదా యని తోచుట సహజము. మందు కొంచెమై, చోటు విశాలమై, గుండు సుళువుగా కదలునదైనచో ఆ తర్కము కొంతవరకు చెల్లును. మసిలో బిగిసిన గుండు విషయమున చెల్లదు. మా పల్లెలలో పూర్వము కపిల తోలువారికి దీని కారణము తెలియును. బాన నీటిలో మునిగి నిండిన తరువాత త్రాడు బిగువుగా నుండగా ఎద్దులను కదలించినచో బాన మెల్లగా పైకి వచ్చును. త్రాడు వదులుగా నుండగా ఎద్దులు నాలుగడుగులు పరుగెత్తి, ఆ వేగముతో ఒక్కసారి త్రాటిని బిగలాగినచో త్రాడైనను తెగును, కప్పీయైనను విరుగును. బరువు అదే, ఎద్దులు అవే. వదులు కల్పించిన వేగమే చేటు తెచ్చినది. గొట్టములోను మంటవాయువు బోలులో పరుగెత్తి వచ్చి, కదలక నిలిచిన గుండు వెనుక కుప్పపడి అణగును. ఆ చోట గొట్టము ఉబ్బును, లేదా పగులును.

దీనిని శాస్త్రముగా నిరూపించినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితజ్ఞుడు. 1742 లో ఆయన ప్రకటించిన ఫిరంగిశాస్త్రపు గ్రంథము లోకమున ఆ విద్యకు పునాది యైనది. వ్రేలాడు కొయ్యదిమ్మెపై గుండును కాల్చి, దిమ్మె ఎంత ఊగినదో చూచి గుండు వేగమును కట్టెడు ఉపాయము ఆయనదే. మందు మండగా పుట్టు వాయువు చల్లబడిన స్థితిలో మందుకంటె సుమారు 244 రెట్ల చోటును ఆక్రమించు ననియు, మంటవేడిలో దాని బలము సుమారు వేయిరెట్ల గాలియొత్తిడికి సమాన మనియు ఆయన లెక్కవేసెను. మందునకు దూరముగా గుండును నిలిపినచో గొట్టము ఆ చోట మిక్కిలి దృఢమైనది కానియెడల పగులక మానదని హెచ్చరించినవాడును ఆయనయే. రాబిన్స్ మనకు దూరపువాడు గాడు. కుంఫిణీవారి ముఖ్య ఇంజనీరుగా 1750 లో ఈ దేశమునకు వచ్చి, 1751 జూలైలో కడలూరు దాపున ఫోర్ట్ సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూసెను. మన కపిలవాడు త్రాటియందు చూచిన సత్యమునే ఆయన గొట్టమందు చూచెను.

ఈ చేటుకు మందు మన పెద్దలకు తెలియును. అది కడ్డీపై కత్తితో గీసిన రెండు గాట్లు మాత్రమే. గొట్టము వట్టిదై యున్నప్పుడు కడ్డీని అడుగుదాక దింపి, మూతికి సరియైన చోట ఒక గాటు. సరియైన కొలత మందును గుండును అడుగంట దట్టించినప్పుడు మూతికి సరియైన చోట రెండవ గాటు. ఇక చీకటిలోనైనను వ్రేలితో తడవి చూచుకొనవచ్చును. రెండవ గాటు మూతికి పైన నిలిచినచో గుండు అడుగంటలేదు, నిప్పు పెట్టరాదు. మా పినతాతగారు నా చిన్ననాట ఈ గాట్లను చూపి, “అబ్బీ, ఇవి రెండూ తుపాకికి ఒత్తు పొల్లులు, ఇవి తెలియక చదివితే తప్పు చదువుతావు” అని చెప్పిరి. మా యూరిలోనే ఆ గాట్లు లేని కడ్డీతో దట్టించిన కాపరి యొకడు ఎడమచేతి మూడు వ్రేళ్లను కోల్పోయెను. గొట్టము పగిలినది అడుగున గాదు, మూరెడు పైన. ఆ తుపాకిని నాసిరకపుదని ఊరంతయు తిట్టిపోసెను. ముక్కలను చూచిన కమ్మరి మాత్రము, గుండు పైన నిలిచిపోయినదని చెప్పెను. ఆ మాటను విన్నవారు కొలదిమందియే.

ఇంతవరకు చెప్పినది చేటు సంగతి. ఇక గురి సంగతి చూతము. నున్నని గొట్టముగల పాతతుపాకిలో గుండు గొట్టముకంటె సన్నముగా నుండెడిది. కుంఫిణీ సిపాయిల మస్కెట్టు గొట్టపు వెడల్పు అంగుళములో 75 వంతులు, అనగా సుమారు 19 మిల్లీమీటర్లు. గుండు వెడల్పు సుమారు 69 వంతులు, అనగా పదునేడున్నర మిల్లీమీటర్లు. త్వరగా దట్టించుటకు ఈ వదులు అవసరమయ్యెను. కాని దానివలన గుండు గొట్టములో ఇటునటు తాకుచు పోయి, చివరి తాకుడు ఏ ప్రక్కనైనదో దాని కెదురు ప్రక్కకు వాలును. ఇట్టి తుపాకికి గురి దైవాధీనము.

ఈ దోషమును పోగొట్టుటకు గొట్టములోపల మెలికగా గాడులు చెక్కిరి. అదియే రైఫిలు. గాడులను పట్టి పోవు గుండు బొంగరమువలె తిరుగుచు పోవును. తిరుగు బొంగరము పడనట్లే తిరుగు గుండు తడబడదు. అయితే గాడులను పట్టవలెనన్న గుండు బిగువుగా నుండవలెను. బిగువుగా నున్నచో మూతినుండి దట్టించుట కష్టము, మసి పట్టినచో మరియు కష్టము. ఈ చిక్కును ఫ్రెంచి సైన్యాధికారి మినియే 1849 లో విప్పెను. అడుగు బోలుగానున్న కోలగుండును చేయించెను. అది సన్నముగా నుండి సుళువుగా దిగును. నిప్పంటిన తోడనే వాయువు ఆ బోలును విప్పగా గుండు లావై గాడులను కరచుకొనును. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు ఈ పద్ధతిదే. దాని కాగితపు తూటాలకు కొవ్వు రాచిరి. ఎందుకు? గుండు జారుటకును, మసి గట్టిపడక మెత్తగా నుండుటకును, అనగా గుండు ప్రతిసారియు అడుగంట కూర్చుండుటకే. ఆ కొవ్వు ఏ జంతువుదో యను సందేహము 1857 లో సిపాయిల తిరుగుబాటునకు నిప్పురవ్వయైన సంగతి మీ రెరిగినదే. తూటాపైని కొవ్వునకును, గుండు కుదురునకును గల యీ బంధమును మాత్రము పాఠ్యపుస్తకములు చెప్పవు.

తరువాత గొట్టపు వెనుకనుండి తూటా పెట్టు రైఫిళ్లు వచ్చెను. ఇత్తడి గుల్ల, దాని అడుగున టోపి, లోపల మందు, మెడలో బిగించిన గుండు, ఈ నాలుగును కలిసి ఒక్క వస్తువయ్యెను. ఇక దట్టింపు కడ్డీ అక్కర లేదు. అంతమాత్రమున కుదురు సమస్య తీరినదా? తీరలేదు. సిపాయి చేతినుండి తూటా కట్టువాని చేతికి మారినది. కర్మాగారమున గాని, చట్టము అనుమతించిన దేశములలో వేడుకకాండ్రు ఇంటివద్ద గాని, తూటా కట్టునపుడు గుండును మెడలోనికి ఎంతవరకు దింపవలె నన్నదే నేటి ప్రశ్న.

ఆ లోతు మూడు విషయములను మార్చును. మొదటిది, గుల్లలో మందునకు మిగులు చోటు. గుండును మరీ లోనికి దింపినచో చోటు తగ్గి మంట ఆరంభమున ఒత్తిడి హెచ్చును. చిన్న గుల్లలుగల పిస్తోలు తూటాలలో ఇది మిక్కిలి ప్రమాదకరము. మెడ పట్టు చాలక, తూటా గొట్టములోనికి ఎక్కునపుడు తగిలిన దెబ్బకు గుండు లోపలికి జారినను ఇట్లే యగును. రెండవది, గుండు భుజమునకును గొట్టములోని గాడుల మొదటికిని నడుమ ఎడము. నిప్పంటిన తోడనే గుండు మెడను వీడి, ఈ ఎడమును దాటి, గాడులను కరచును. ఎడము లేక గుండు ముందే గాడులను ఆనుకొని యున్నచో, బండి కదలుటకు ముందే చక్రము క్రింద రాయి పెట్టినట్లు, ఒత్తిడి తటాలున లేచును. కొంచెము ఎడమున్నచో ఆ తటాలు తగ్గును. మూడవది, గుండు నడిరేఖకును గొట్టపు నడిరేఖకును పొందిక. మెడలో గుండు వంకరగా కూర్చున్నచో వంకరగానే గాడులలో చొచ్చును.

ఈ వంకర ఎంత స్వల్పమైనను ఏల లెక్కింపవలెనో ఒక్క లెక్క చెప్పుదును. మన పోలీసువారు చిరకాలము వాడిన పాయింటు 303 లీ-ఎన్‌ఫీల్డు రైఫిలులో గాడి పది అంగుళములకు ఒక చుట్టు తిరుగును. 1910 లో వచ్చిన ఏడవ మార్కు తూటాలో 174 గ్రెయినుల గుండు సెకండునకు సుమారు 2,440 అడుగుల వేగముతో వెలువడును. పది అంగుళములకు ఒక చుట్టు చొప్పున లెక్కించినచో ఆ గుండు సెకండునకు 2,900 చుట్లకు పైగా తిరుగుచున్నదన్నమాట. అంత వడిగా తిరుగు వస్తువు నడిరేఖ వెంట్రుకవాసి ప్రక్కకు తొలగినను, గొట్టమును వీడిన క్షణమున అది ప్రక్కకు విసరును. కుమ్మరిసారెపై మట్టిముద్దను నడుమ నుంచని కుమ్మరికి ఆ విసురు తెలియును.

కొలతను గూర్చి ఒక మాట. తూటా మొత్తము పొడవును మొననుండి కొలిచి కుదురు తెలిసినదనుకొనుట పొరపాటు. ఒకే పెట్టెలోని గుండ్ల మొనలు సైతము సరిసమానముగా నుండవు. గాడులను ముందుగా తాకునది మొన గాదు, దాని వెనుక వెడల్పైన భుజము. కావున నేర్పరులు ఆ భుజమునకు సరిపోవు రంధ్రముగల పనిముట్టును తగిలించి, తూటా అడుగునుండి అంతవరకే కొలుతురు. వారు మార్చి చూచు కొలతలు అంగుళములో వెయ్యవ వంతులు, అనగా మిల్లీమీటరులో నలుబదవ వంతు. మన తలవెంట్రుక దానికి రెండు మూడు రెట్లు లావు. అంతేకాక ఈ కొలత ఒక్కసారి తెలిసికొన్న తీరునది గాదు. వేలకొలది దెబ్బల వేడికి గాడుల మొదలు కాలి అరిగి ముందుకు జరుగును. నిన్నటి ఎడము నేటి ఎడము గాదు. వేడుకకాండ్రు భుజము ఆనునట్లు గుండును ముందుకు జరుపదలచినను, తూటాలపెట్టె లోపలి పొడవు వారికి హద్దు కట్టును.

ఇక అందరు అడుగు ప్రశ్న: ఏ లోతు మంచిది? గాడులను ఆనుకొనుటయా, కొంచెము వెనుకకా, చాల వెనుకకా? దీనికి ఒక్క అంకెలో జవాబు లేదు. ఒక గుండు గాడులకు చేరువగా నుండుటను ఇష్టపడును, మరియొకటి ఎడమును లెక్కచేయదు. ఛందస్సు చెప్పుకొన్న నాకు దీనిలో వింత తోచదు. ఉత్పలమాలకు యతి పదవ యక్షరమున, చంపకమాలకు పదునొకండవ యక్షరమున. ఏ స్థానము మేలని అడుగుటలో అర్థము లేదు. ఏ వృత్తమున కది. కాని ఎత్తుకొన్న వృత్తమున నాలుగు పాదములలోను ఆ చోటు తప్పరాదు. తూటాలలోను అట్లే. తన రైఫిలునకు, తన గుండునకు కుదిరిన లోతును ఎన్నుకొన్న పిమ్మట మొదటి తూటానుండి ఏబదవ తూటావరకు ఆ లోతు మారకుండుటయే గురికి మూలము. నడిమి గురి కొంచెము ఎడమకు పడినచో దృష్టిగుర్తును జరిపి దిద్దుకొనవచ్చును. ఒక్కొక్క గుండు ఒక్కొక్క తీరున పోయినచో దిద్దుటకు మార్గమే లేదు.

ఈ నిలుకడకొరకు నిపుణులు ఎంత శ్రమపడిరో అమెరికాదేశపు హారీ పోప్ చరిత్రయే సాక్షి. 1861 లో పుట్టి 1950 లో గతించిన ఈ గొట్టముల శిల్పి, వెనుకనుండి తూటా పెట్టు రైఫిళ్లు వచ్చి చాలకాలమైన తరువాతను, గుండును మాత్రము మూతినుండియే దింపు పద్ధతిని పాటించెను. మూతికి ఒక తొడుగును తగిలించి, దాని గుండా గుండును తిన్నగా గాడులలోనికి త్రోసి, మందుగుల్లను వెనుకనుండి పెట్టెడివారు. సీసపు గుండు అడుగు నలగక, వంకర పోక, ప్రతిసారియు అదే చోట కూర్చుండవలె నన్నదే ఆ శ్రమకు ఫలము. పాత దట్టింపు తుపాకిలోని మేలును క్రొత్త రైఫిలులోనికి తెచ్చుకొన్నట్లయినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఒక లోతున మూడు గుండ్లు కాల్చి, అవి దగ్గర దగ్గరగా పడినవి గనుక ఇదియే మహత్తరమైన లోతని నిశ్చయించువారు పెక్కురు. మరియొక లోతున మూడు కాల్చి, అవి దూరదూరముగా పడినచో అది పనికిరాదని విడిచెదరు. ఒక్క యేటి వానను చూచి అనంతపురమును కోనసీమ యనువానికిని వీరికిని భేదము లేదు. మా సీమలో వాన సంగతి చెప్పవలెనన్న ముప్పది యేండ్ల లెక్క చూడవలెను. అట్లే లోతుల మధ్య భేదము నిజమా, యాదృచ్ఛికమా యని తేల్చుటకు మూడు దెబ్బలు చాలవు. ప్రతి లోతునను ఇరువది ముప్పది దెబ్బలు కాల్చి పోల్చినపుడు, మహత్తరమని తోచిన భేదములు పెక్కు కరిగిపోవును. మిగిలిన భేదమే నిజమైనది. శాస్త్రమునకు ఓపికయే సగము.

మందు లేని తుపాకిలోను ఈ న్యాయమే నడచును. హైదరాబాదువాడైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో పది మీటర్ల గాలి రైఫిలున కాంస్యపతకము గెలిచెను. ఆ పోటీలో నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అనగా దాదాపు ఆవగింజలో సగము. అందు వాడునది గాలి యొత్తిడిచే నడచు సీసపు గుళిక. దానిని సైతము గొట్టములో వంకర లేకుండ, ప్రతిసారియు ఒకే తీరున కూర్చుండబెట్టవలెను. ఏ గుళికలు తమ గొట్టమునకు పొసగునో క్రీడాకారులు ముందుగా పరీక్షించి ఎన్నుకొందురు.

ఇక ముగింపు మాటలు. మన దేశమున తూటాలు కట్టుటకును, తుపాకులు చేయుటకును 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అనుమతి కావలెను. నేను చెప్పినది తెలిసికొనుటకే గాని ఇంటివద్ద చేసిచూచుటకు గాదు. కాని లైసెన్సుతో పాత దట్టింపు తుపాకిని ఉంచుకొన్న రైతులు మన జిల్లాలలో నున్నారు. ఎన్నికల వేళ ఠాణాలో అప్పగించి తిరిగి తెచ్చుకొనువారు, తాతలనాటి దానిని అటకపై పెట్టి మరచినవారు, పంటకాలమున దింపి దుమ్ము దులుపువారు నున్నారు. వారితో నాకు పనియున్నది. ఆ గొట్టము వట్టిదో, నిండినదో ఊహించి చెప్పకుడు. ఏబది యేండ్లక్రింద దట్టించిన మందైనను చెడినదని నమ్మరాదు. పొడిగా నిలిచిన నల్లమందునకు ముసలితనము లేదు. మూతివంక ముఖము పెట్టక, ప్రక్కన నిలిచి, కడ్డీని మెల్లగా లోనికి జారవిడిచి గాటును చూడుడు. వట్టి గొట్టపు గాటు మూతికి దిగకున్నచో లోపల ఏదో యున్నదన్నమాట. గాట్లే లేకున్నచో, కడ్డీ ఎంతవరకు దిగినదో గుర్తించి, దానిని బయట గొట్టము ప్రక్కన పెట్టి, టోపి రంధ్రము దాక వచ్చుచున్నదో లేదో సరిచూడుడు. రాకున్నచో దానిని తాకక పోలీసువారికి గాని, లైసెన్సుగల మరమ్మతుదారునకు గాని తెలియజేయుడు. పిల్లలకు అందనీయకుడు.

కడ్డీపై గాటు పెట్టుటకు దమ్మిడీ ఖర్చు లేదు. కాని గొట్టములోపలి చీకటిని చూపు దీపము అదియే. గుండు ఎచ్చట కూర్చున్నదో తెలియనంతవరకు నిప్పు మాట తలపెట్టకుడు.